నిప్పు చుట్టు చెప్పుకొను భయము

రాజమహేంద్రవరమునుండి సుమారు 85 కిలోమీటర్లు ప్రయాణించి, రంపచోడవరము దాటి మారేడుమిల్లి చేరిన యాత్రికునకు ప్రొద్దు గ్రుంకిన పిమ్మట చేయదగిన పని అంతగా ఉండదు. పగటివేళ జలపాతములున్నవి, వెదురుపొదలున్నవి, పాములేరు ఉన్నది. రాత్రివేళ మిగులునవి బొంగులో కాల్చిన కోడిమాంసము, చలిమంట, ఊసులు. ఆ ఊసులు తెలియకుండగనే దయ్యముల వైపు మరలును. చింతూరు వైపు దిగెడు ఘాటురోడ్డు మలుపున నిలిచిన స్త్రీ, నడిరేయి ఆగిపోయిన లారీ, ఎక్కడనో లోయలో వినవచ్చిన డోలు. డోలు దగ్గరకు వచ్చుసరికి కథ చెప్పువాడు గొంతు తగ్గించును. ఆ డోలు వాయించువారెవరో, ఏల వాయించుచున్నారో అతడు చెప్పడు, వినువారు అడుగరు. కొండవారేదో పూజ చేయుచున్నారనిన చాలును, భయము పండును. మంటలో కట్టెలు ఎగద్రోయుచున్న కొండరెడ్డి యువకుడు మాత్రము ఆ కథను మౌనముగా వినుచుండును.

చలిమంట చుట్టు సాగెడు ఇట్టి వేడుకకు నియమములు కల్పించి దానినొక ఆటగా మలచినవారు అమెరికావారు. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ జాతి ఆటలలో అచ్చయిన మొదటిది. ఆట తీరు సులభమే. బల్లచుట్టు నలుగురైదుగురు కూర్చుందురు. వారిలో ఒకరు కథానిర్వాహకుడు. తక్కినవారిలో ఒకరు వైద్యుడు, ఒకరు పత్రికా విలేఖరి, ఒకరు పురావస్తు పరిశోధకురాలు, ఇట్లు తలకొక పాత్ర. 'తలుపు తెరచితిరి, లోపల దీపము లేదు, ఏమి చేయుదురు?' అని నిర్వాహకుడు అడుగును. ఆటగాడు తన పాత్ర చేయు పనిని నోటితో చెప్పును. అది నెరవేరునో లేదో సందేహమైనచోట పాచికలు తేల్చును. వేషము లేదు, తెర లేదు, ప్రేక్షకులు లేరు. నిర్వాహకుని చేతిలో మాత్రము ముందుగా వ్రాసిన కథాప్రణాళిక ఒకటి ఉండును. అందులో స్థలములు, మనుష్యులు, రహస్యము, ఆ రహస్యమునకు దారితీయు ఆనవాళ్లు ఉండును. ముగింపు మాత్రము ఉండదు.

భరతుడు ఎనిమిది రసములలో భయానకమును ఒకటిగా చెప్పి, దానికి భయమును స్థాయిభావముగను, నలుపును వర్ణముగను, కాలుని అధిదేవతగను విధించెను. పులిని చూచి పరుగెత్తువానికి రసము లేదు, రంగస్థలముపై పులిని చూచువానికి కలదు అనుట మన లాక్షణికుల తీర్పు. నటునకు రసానుభవమున్నదా, సామాజికునకు మాత్రమే ఉన్నదా అని వారు చిరకాలము వాదించుకొనిరి. ఈ ఆటలో ఆ వాదమునకు తావు లేదు. ఏలయన నటుడును సామాజికుడును ఒక్కడే. తన పాత్ర పాడుబడిన బంగళా మెట్లు ఎక్కుచుండగా తాను కుర్చీలో కూర్చుండి తేనీరు త్రాగుచుండును. అయినను పాచిక వేయు చేయి ఒకింత తడబడును.

భయానకమునకు ప్రత్యేకముగా వెలసిన ఆటలలో ప్రసిద్ధమైనది 'కాల్ ఆఫ్ కథూలూ'. శాండీ పీటర్సన్ రచించిన ఈ ఆటను కేయాసియం అను సంస్థ 1981లో ప్రకటించెను. హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ (1890–1937) అను కథకుని కల్పనాలోకము దీనికి ఆధారము. మనుష్యజాతి పుట్టుటకు ముందే భూమిపై ఉండి, ఇప్పుడు నిద్రించుచున్న మహాసత్త్వములు మేల్కొనుననునది ఆ లోకమునందలి భీతి. ఇతర ఆటలలో పాత్రకు ప్రాణబలము లెక్క. ఇందులో మతిస్థైర్యము కూడ లెక్క. శవమును చూచినచో కొంచెము తరుగును. కథూలూ అను ఆ మహాసత్త్వమునే కన్నులార చూచినచో, పాచిక వికటించినప్పుడు నూరు పాళ్లును పోవచ్చును. ఇంతకంటె చమత్కారమైన నియమము ఇంకొకటి కలదు. ఆ రహస్యవిద్యను గూర్చి పాత్ర ఎంత తెలిసికొన్న, దాని మతిస్థైర్యమునకు గల గరిష్ఠమితి అంత తగ్గిపోవును. తెలియక బ్రతుకజాలడు, తెలిసి నిలువజాలడు. ఈ ఒక్క నియమములో లవ్‌క్రాఫ్ట్ కథల సారమంతయు ఇమిడినది.

అచ్చువేసిన సంస్థ కంటె ఆడువారే ఈ ఆటకు ఎక్కువ కథలు సమకూర్చిరనుట గమనింపదగినది. లవ్‌క్రాఫ్ట్ తానే ఈ దారి చూపెను. తన కల్పిత దేవతల పేర్లను, గ్రంథముల పేర్లను మిత్రులు వాడుకొనుటకు ఆయన అభ్యంతరము చెప్పకపోవుటయే గాక వారిని ప్రోత్సహించెను. క్లార్క్ ఆష్టన్ స్మిత్, రాబర్ట్ బ్లాక్, ఆగస్ట్ డెర్లెత్ మొదలగువారు ఆ లోకమునకు తలకొక గది కట్టిరి.

ఇట్టి ఉమ్మడి కల్పన తెలుగువారికి క్రొత్త గాదు. 'చందమామ' బేతాళకథలను చదువని ఉపాధ్యాయుడు అరుదు. పదునొకండవ శతాబ్దిలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరమున బేతాళుడు చెప్పిన కథలు ఇరువదియైదు మాత్రమే. పత్రికలో ఆ ఇరువదియైదును అయిపోయినవి. శ్మశానము, చెట్టు, భుజముపై శవము మాత్రము మిగిలినవి. ఎందరో రచయితలును పాఠకులును పంపిన కథలు సంపాదకుల చేతిలో దిద్దుబాటు పొంది, ఆ చట్రములో చేరి, దశాబ్దముల తరబడి వెలువడినవి. శంకర్ గీసిన విక్రమార్కుని బొమ్మ ప్రతినెల అదే; కథ ప్రతినెల వేరు. పైగా ఆ చట్రమున నిజమైన ఆటనియమము కలదు. సమాధానము తెలిసియు పలుకకున్న తల పగులును. పలికితివా, మౌనభంగమై శవము మరల చెట్టెక్కును. ఏది చేసినను చిక్కే. మంచి భయానక ప్రణాళిక వ్రాయువారు వెదకునది ఇట్టి చిక్కునే. 'చందమామ' ఇప్పుడు వెలువడుటలేదు గాని, ఆ చట్రము చేసిన పనిని పాశ్చాత్యదేశములలో ఈ ఆటలు చేయుచున్నవి.

ఆటగాళ్లు కట్టిన వానిలో చిరకాలము ప్రియమైనవి కొన్ని కలవు. 1990లో జాన్ టైన్స్ అను యువకుడు ప్రారంభించిన 'ది అన్‌స్పీకబుల్ ఓత్' అను చిన్న పత్రిక అభిమానులకొరకు అభిమానులే నడపినది. 1992లో దాని ఏడవ సంచికలో 'డెల్టా గ్రీన్' అను భావన అంకురించెను: ఆ పురాతనసత్త్వముల జాడను ప్రభుత్వోద్యోగులు కొందరు రహస్యముగా వెంబడింతురు, తమ ఉద్యోగమును, సంసారమును, మనశ్శాంతిని కోల్పోవుదురు. 1997లో అది గ్రంథమయ్యెను, అటుపిమ్మట స్వతంత్రమైన ఆటయే అయ్యెను. ఇందులో రాక్షసునికంటె పాత్ర ఇంటికి తిరిగివచ్చిన ఘట్టములే ఎక్కువ బాధించును. భార్యకు నిజము చెప్పలేని మనుష్యుడు భోజనమునకు కూర్చుండుట, ఇంతే ఘట్టము. ఇందు భయము లేదని ఎవరనగలరు?

'మాస్క్స్ ఆఫ్ న్యార్లథోటెప్' అనునది 1984లో లారీ డిటిలియో, లిన్ విల్లిస్‌ల రచనగా వెలువడిన ప్రణాళిక. న్యూయార్కు, లండను, కైరో, కెన్యా, షాంఘై మొదలగు చోట్ల నడచు సుదీర్ఘకథ ఇది. దీనిని ముగించుటకు కొన్ని జట్లకు ఏండ్లు పట్టును. ఆటగాళ్లు దీనికి వందలాది పుటల అనుబంధగ్రంథమును కూడి వ్రాసికొనిరి. ఏ ఓడ ఎన్ని దినములలో ఏ రేవు చేరునో కూడ విచారించిరి. లవ్‌క్రాఫ్ట్ పేర వెలసిన అభిమానసంఘమొకటి ఈ కథలో దొరకు వార్తాపత్రిక ముక్కలను, ఉత్తరములను, షాంఘైలోని ఒక మద్యశాల పేరు గల అగ్గిపెట్టెను సైతము తయారుచేసెను. పాఠశాలలో చరిత్ర చెప్పువారు ఈ అగ్గిపెట్టెను గూర్చి ఆలోచింపవచ్చును. వినినదానికంటె చేతికందిన వస్తువు బాలునకు ఎక్కువ నమ్మకము కలిగించును.

రచనావిధానమున వచ్చిన మార్పులలో ముఖ్యమైనదానిని ఇక్కడ చెప్పవలెను. పూర్వము ఆటగాడు ఆనవాలు వెదకునప్పుడు పాచిక వికటించినచో ఆనవాలు దొరకక కథ అక్కడనే ఆగిపోయెడిది. రాబిన్ లాస్ రూపొందించిన 'గంషూ' అను పద్ధతి దీనిని మార్చెను. కెన్నెత్ హైట్ 2008లో వెలువరించిన 'ట్రెయిల్ ఆఫ్ కథూలూ' ఈ పద్ధతిని అనుసరించినదే. వెదకవలసిన చోట వెదకినవానికి ముఖ్యమైన ఆనవాలు దొరికితీరును. కష్టమంతయు దాని అర్థమును గ్రహించుటలో ఉండును. పరీక్షాపత్రము కూర్చు ఉపాధ్యాయులకు కూడ ఈ సూత్రము కొంత పనికివచ్చును.

2017 చివర కేయాసియం సంస్థ 'మిస్కటోనిక్ రిపాజిటరీ' అను పేర ఒక ద్వారమును తెరచెను. ఆటగాళ్లు తమ ప్రణాళికలను తామే ప్రకటించి విక్రయించుకొనుటకు దానివలన అనుమతి లభించినది. అందులో తాలుకూడ ఉన్నది. పాడుబడిన ఇల్లు, తప్పిపోయిన ప్రొఫెసరు, నేలమాళిగలో రహస్యకూటము, ఇవే మరల మరల వచ్చుచుండును. ఆ రహస్యకూటము ఏదో దూరదేశపు అడవిలో ఉన్నదైనచో కథకునకు శ్రమ మరింత తగ్గును. డోలు మ్రోగును, మంట మండును, నల్లనివారు గంతులు వేయుదురు. వారికి పేరు లేదు, ఇల్లు లేదు, బిడ్డలు లేరు.

ఈ దోషము అనుకరించువారితో మొదలైనది గాదు; మూలముననే ఉన్నది. 1928 ఫిబ్రవరిలో 'వియర్డ్ టేల్స్' పత్రికలో వెలువడిన లవ్‌క్రాఫ్ట్ కథ 'ది కాల్ ఆఫ్ కథూలూ' చదివినవారికి ఇది తెలియును. లూసియానా చిత్తడి అడవిలో డోలు మ్రోగుచుండును. పోలీసులు పోయి చూతురు, కాల్తురు, పట్టుకొందురు. పట్టుబడినవారందరును మిశ్రజాతులవారని కథకుడు ఏవగింపుతో చెప్పును. ఆ ఏవగింపే కథలో సగము భయము. లవ్‌క్రాఫ్ట్‌కు పరజాతులపై గల ద్వేషము ఆయన ఉత్తరములలోను బాహాటముగా కనిపించును. దానిని ఆ కాలపు అలవాటని కొట్టివేయుట సబబు గాదు. ఆ కాలమున అట్లు తలంపనివారును ఉండిరి.

ఆ కథలో ఇంకొక వివరము మారేడుమిల్లి చదువరిని ఆపివేయవలసినది. మరణించిన ప్రొఫెసరు కాగితములలో ఫ్రేజరు రచించిన 'ది గోల్డెన్ బౌ' అను గ్రంథపు ప్రస్తావన కలదు. మతములను, బలులను, పంటల పండుగలను గూర్చిన ఆ మహాగ్రంథము మొదటి కూర్పు 1890లో, అనగా లవ్‌క్రాఫ్ట్ పుట్టిన సంవత్సరమే వెలువడెను. పంటకై నరబలి ఇచ్చినవారిని గూర్చి ఫ్రేజరు చూపిన ప్రసిద్ధమైన ఉదాహరణములలో ఖోండుల మెరియా ఒకటి. ఖోండుల సీమ వేరెక్కడనో లేదు. మారేడుమిల్లి నిలిచిన ఈ తూర్పు కనుమలే ఈశాన్యముగా సాగి, నాటి మద్రాసు రాజధానిలోని గంజాము కొండలను చేరును. ఫ్రేజరు అచటకు రాలేదు. మాక్‌ఫర్సన్, కాంప్‌బెల్ మొదలగు ఆంగ్లాధికారుల వ్రాతలే ఆయనకు ఆధారము.

ఆ అధికారులెవరు? 1835–37లో ఘుమసర సంస్థానమును లోబరచుకొనుటకు కొండలెక్కిన సేనల వెనుక వచ్చినవారు. నరబలిని మాన్పుటకై 1845లో మెరియా ఏజెన్సీ అను ప్రత్యేకశాఖ ఏర్పడి 1861 వరకు నడచెను. బలి నిజముగా లేదని ఎవరును అనరు. బలికై కొనబడినవారిని విడిపించుటయు నిజమే, తరువాత ఖోండులు మనుష్యునకు మారుగా దున్నపోతును బలియిచ్చుటయు నిజమే. అయితే ఆ ఘుమసర యుద్ధములో గ్రామములను తగులబెట్టినదియు నిజమే. ఫెలిక్స్ పేడెల్ అను మానవశాస్త్రజ్ఞుడు 1995లో ప్రకటించిన గ్రంథమున ఈ రెండవ వైపును తవ్వి చూపెను. బలిని ఆపుటకు వచ్చినవారు ఎందరిని బలిగొనిరో లెక్క వ్రాసినవారు లేరనుట ఆ చరిత్రను చదివినవారికి తోచును. ఫ్రేజరు గ్రంథమున ఈ రెండవ వైపు లేదు. అది లవ్‌క్రాఫ్ట్‌కు చేరలేదు. చేరినది డోలు మ్రోత ఒక్కటే. తూర్పు కనుమలనుండి లండనుకు, అచటనుండి అమెరికాకు పోయిన ఆ మ్రోత, ఆటలరూపమున మరల మారేడుమిల్లి చలిమంట దగ్గరకు వచ్చి చేరినదనిన తప్పు గాదు.

అదే కథలో 1925 మార్చి నెలాఖరున లోకమంతట కలిగిన వింతకలతలను వర్ణించుచు, భారతదేశమున ప్రజలలో తీవ్రమైన అలజడి చెలరేగినదని కథకుడు ఒక వాక్యములో చెప్పి వదలును. సముద్రగర్భమున కథూలూ మేల్కొనుటవలన ఆ అలజడి కలిగినదట. సరిగా దానికి ముందు ఏండ్లలో మన్యమున చెలరేగిన అలజడికి కారణములు సముద్రగర్భమున లేవు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము పోడు వ్యవసాయమును కట్టడి చేసినది. అంతకుముందే 1879లో కల్లుపన్ను, మన్సబుదారు దోపిడి రంప పితూరికి కారణమైనవి. గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవారిచేత కూలి సరిగా ఈయక రోడ్డు పని చేయించెను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై అల్లూరి సీతారామరాజు దాడి చేసెను. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అను అధికారులు మరణించిరి. 1924 మే 7న రాజు హతుడయ్యెను. పేరును, ఊరును, తేదీయు, కారణమును గల ఈ అలజడి కథలో పేరులేని అలజడియై, నిద్రించు దేవత పీడకలలలో కలిసిపోయెను.

ఇందుకు సమాధానము కూడ ఆటగాళ్లనుండియే వచ్చుట సంతోషింపదగిన విషయము. క్రిస్ స్పైవీ అను నల్లజాతి రచయిత 2017లో 'హార్లెం అన్‌బౌండ్' అను అనుబంధమును వెలువరించెను. 1920ల నాటి న్యూయార్కులోని హార్లెం పేట దీనికి రంగము. లవ్‌క్రాఫ్ట్ ఎవరిని చూచి భయపడెనో వారే ఇందులో నాయకులు. సంగీతవిద్వాంసులు, కవులు, క్షురకులు, వంటలక్కలు, వారి వీధులు, వారి దేవాలయములు సవిస్తరముగా వర్ణింపబడినవి. వీధిలో పోలీసువాడు ఎదురగుట కూడ ఇందులో పాచిక వేయవలసిన భయమే. రాక్షసుడు తరువాతి మాట. చిన్న సంస్థ ప్రకటించిన ఈ పుస్తకము 2018లో ఈ రంగమున పేరెన్నిక గల ఎన్నీ పురస్కారములను గెలుచుకొన్నది. 2020లో దాని రెండవ కూర్పును కేయాసియం సంస్థయే అచ్చువేసెను. అభిమానులు వ్రాసిన అనుబంధము మూలమును దిద్దుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు. ఆటను వదలుకొనక, లవ్‌క్రాఫ్ట్‌ను దాచిపెట్టక, ఆయన కన్నును మాత్రము ప్రక్కకు త్రిప్పినది.

మారేడుమిల్లికి ఇట్టి అనుబంధము ఎట్లుండునో ఊహించుట కష్టము గాదు. కొండరెడ్లను గూర్చి ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1945లో వెలువరించిన గ్రంథము కలదు, పితూరీల చరిత్ర కలదు, అన్నిటికంటె మిన్నగా అచటి వృద్ధులు కలరు. అయితే వారు కొలుచు దేవతల పేర్లను తీసికొని రాక్షసులకు పెట్టరాదు. మనయిండ్లలోని ఇలవేల్పును అట్లు చేసినచో మనము ఊరకుందుమా? భయమును వేరొకచోట వెదకవలెను.

1923వ సంవత్సరము, వానకాలము. మారేడుమిల్లికి పైనొక కొండపల్లె. పాత్రలు నాలుగు: ముఠాదారు తమ్ముడు, రోడ్డు పనినుండి పారిపోయివచ్చిన యువకుడు, చోడవరమునుండి కొయినా మాత్రలతో వచ్చిన కాంపౌండరు, ఆ పల్లె మంత్రసాని. అటవీశాఖవారు రిజర్వు అడవికి పాతిన హద్దురాళ్లు పల్లెకు అరక్రోసు దూరమున ఉన్నవి. ఒక ఉదయము లేచి చూతురు గదా, అవి పదిబారలు దగ్గరకు వచ్చియున్నవి. అడుగుజాడ లేదు, త్రవ్విన మన్ను లేదు. మరునాడు మరి పదిబారలు. రాళ్లకు లోపలి వైపు చిక్కిన పోడుచేను ఒక్క రాత్రిలో మ్రాకులు పెరిగి అడవియైపోవును. ఆ చేను దున్నినవాని పేరు పల్లెలో ఎవరికిని జ్ఞప్తి రాదు. కాంపౌండరు అది మన్యపు జ్వరపు మైకమనును. జ్వరము కూడ నిజమే. దానికి వేరుగా పాచిక వేయవలెను.

విద్యార్థులు ఈ ప్రణాళికకు కాగితములు తయారుచేయవచ్చును. రేంజి ఆఫీసరు నోటీసు ఒకటి, హద్దుల కొలతపుస్తకములో చిరిగిన పుట ఒకటి, కొయినా చీటీ ఒకటి. సీతారామరాజు పంపెనని జనము చెప్పుకొను మిరపకాయ టపావంటిది ఇంకొకటి, ఎండుమిరపకాయ కట్టి మరీ. ప్రతి కాగితములోను ఒక ఆనవాలుండవలెను; కొలతపుస్తకములో హద్దురాళ్ల సంఖ్యకును, పల్లెలో మరపునకు వచ్చినవారి సంఖ్యకును గల పొంతన ఆటగాళ్లకు దొరికితీరవలెను. రాళ్లు జరుగునది పల్లెవారందరును నిద్రించిన గడియలోనే అని మంత్రసాని మొదట గ్రహించును. ఆనాటినుండి పల్లెవారు వంతులవారీగా రాత్రియంతయు డోలు వాయింతురు, ఒకరినొకరు మేల్కొలుపుకొనుటకు, ప్రతి దెబ్బకు ఒక పేరు చెప్పుకొనుటకు.

క్రింద ఘాటులో గుడారము వేసికొన్న దొర ఆ మ్రోతను విని, దినచర్యలో ఏదో వ్రాసికొనుచుండును. వాన హెచ్చుచున్నది. డోలు వాయించు యువకునకు నాలుగు దినములుగా జ్వరము. అతనికి బదులు ఆ రాత్రి ఎవరు కూర్చుందురో ప్రణాళికలో వ్రాసియుండదు. నిర్వాహకుడు బల్లచుట్టు ఉన్నవారిని అడుగును.